గడప దాటిన తెలుగు

మధురైలోనూ కోయంబత్తూరులోనూ మన ఇళ్ళల్లో తెలుగు గడప లోపలి భాష. అన్నం పెట్టమనడానికి, పిల్లల్ని కసరడానికి, పెళ్ళి మాటలు మాట్లాడుకోవడానికి, ఎవరైనా పోతే ఏడవడానికి తెలుగు. చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగితే తమిళం. బస్సు, బజారు, బడి, బ్యాంకు అన్నీ తమిళంలోనే. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. తరతరాలుగా ఈ నేల మీదనే ఉన్నాం, తమిళం మనకు పరాయిది కాదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో మాట్లాడింది తెలుగే. తెలుగువాళ్ళు దక్షిణానికి తరలివచ్చిన కథను ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' అనే నవలగా తమిళంలో రాసినారు. ఇంటి కథను కూడా వీధి భాషలో చెప్పుకునే జనం మనం.

దీనివల్ల ఒకటి జరిగింది. ఇంట్లో ఉండేవాటికి మాకు తెలుగు మాటలు ఉన్నాయి, బయట ఉండేవాటికి లేవు. చెంబు, జల్లెడ, అటక, ఉట్టి తడుముకోకుండా వస్తాయి. ఏరు, గట్టు, మలుపు, నీడ దగ్గరికి వచ్చేసరికి నోరు తమిళంలోకి పోతుంది. ఎండాకాలం సెలవుల్లో అందరం కలిసి ఊరు తిరగబోయినప్పుడే ఇది మాకు బాగా తెలిసొచ్చింది.

ఏడాదికోసారి చిత్తిరై మాసంలో మేము కలుస్తాము. మేము అంటే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలం, మాతోబాటు పెరిగిన స్నేహితులు. మాలో కొందరు మధురైవాళ్ళం, కొందరు కోయంబత్తూరువాళ్ళం. ఒక కొమ్మ కర్ణాటకలో పెరిగింది, అక్కడ చదువంతా కన్నడ మీడియం. స్నేహితుల్లో ఒకామె మధురై సౌరాష్ట్రుల ఇంటిపిల్ల. ఒకతను కోయంబత్తూరు దేవాంగుల ఇంటివాడు, వాళ్ళింట్లో కన్నడం. మిగిలినవాళ్ళు తమిళులు. మూడేళ్ళ కిందట ఒక నియమం పెట్టుకున్నాము. ఇంట్లో బయలుదేరినప్పటినుంచి మొదటి జిగర్‌తండా తాగేదాకా తెలుగు వచ్చినవాళ్ళం తెలుగులోనే మాట్లాడాలి. మాట దొరక్కపోతే ఫోన్‌లోని షీట్‌లో ఎక్కించాలి. మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్ళకు కనబడిన లోపాన్నల్లా వరుసగా రాసిపెట్టే అలవాటు ఉంది, ఆ షీట్ అట్లా పుట్టింది. అందులో మూడు గడులు. ఏ వస్తువుకు మాట కావాలి, మేము ఏ భాషలో ఏమన్నాము, అవ్వ ఏమంది.

అవ్వ రాకపోతే మూడో గడి ఖాళీగా ఉండిపోతుంది. అందుకే మోకాళ్ళ నొప్పి అన్నా వదలకుండా అవ్వను వెంటబెట్టుకుని పోతాము.

మధురైలో ఎండాకాలం అంటే ముందు చిత్తిరై తిరునాళ్ళు. మీనాక్షి కళ్యాణం, తేరు అయిన తర్వాత చిత్రా పౌర్ణమి నాడు అళగర్ బంగారు గుర్రమెక్కి వైగై ఏట్లో దిగుతాడు. ఆయన కోయిలు ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల కొండ కింద ఉంది. దోవ పొడుగునా మండపాల్లో ఆగి ఆగి వస్తాడు. మెడలో శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ విడిచిన మాల ఉంటుంది. ఈ ఏటి ఉత్సవం ముందు తేనూరు దగ్గర వేరుగా జరిగేదనీ, దాన్ని మీనాక్షి కళ్యాణంతో కలిపింది తిరుమల నాయకుడనీ చెబుతారు. ఆయన మధురైని ఏలింది 1623 నుంచి 1659 దాకా.

మేము అర్ధరాత్రి దాటినాక బయలుదేరి తెల్లవారుజాముకు ఏటి దగ్గరికి చేరుకున్నాము. ఎండాకాలంలో వైగైలో మామూలుగా నీళ్ళుండవు. ఉత్సవానికని ఆండిపట్టి దగ్గరున్న వైగై ఆనకట్టనుంచి నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళు చూసి అవ్వ అంది: "ఈ ఆనకట్ట కట్టకముందు మేము ఇక్కడ చెలమ తీసి నీళ్ళు తోడుకుంటా ఉంటిమి."

"చెలమ అంటే ఏంది అవ్వా?"

"ఇసుక తోడితే నీళ్ళు ఊరతాయి గదా, ఆ గుంట."

మధురైలో పెరిగిన చెల్లెలు "ఓ, ఊట్రా?" అంది. కన్నడ బడిలో చదివినవాళ్ళకు మాత్రం పుస్తకంలోని 'చిలుమె' చప్పున గుర్తుకొచ్చింది. కన్నడంలో అది నీటి ఊట. ఒకే మాట మూడు రాష్ట్రాల ఇసుకలో దాక్కుని ఉన్నట్టు అనిపించింది. షీట్‌లో మూడో గడి నిండింది.

అంతలో అళగర్ మీద నీళ్ళు చిమ్మేవాళ్ళు వచ్చినారు. రంగురంగుల గుడ్డలు కట్టుకుని, భుజాన తోలుసంచీ, దానికి సన్నటి గొట్టం. ఆ సంచీని ఏమనాలో మాకెవరికీ తెలియలేదు. "తిత్తి" అంది అవ్వ. "కొలిమి దగ్గర గాలి ఊదేది కూడా తిత్తే. అందులో గాలి, ఇందులో నీళ్ళు." ఆ తిత్తి నీళ్ళు మా మీద కూడా పడినాయి. ఏట్లో దిగిన దేవుణ్ణి చూడ్డానికి జనం లక్షల్లో ఉన్నారు. ఆ తొక్కిడిలో అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుని గట్టెక్కేసరికి తెల్లగా తెల్లారిపోయింది.

మధ్యాహ్నం ఎండకు మధురైలో ఎక్కడ తలదాచుకోవాలో మాకు బాగా తెలుసు. మీనాక్షి కోయిలు ఎదుట పుదుమండపం ఉంది. అది తిరుమల నాయకుడు వసంతోత్సవానికని కట్టించిన రాతి మండపం. దేవుడు ఎండాకాలంలో చల్లగా ఉండాలని దాని చుట్టూ నీళ్ళు నిలబెట్టే కాలువలాగా చేసినారు. మేము చిన్నప్పుడు చూసేసరికి అక్కడ దర్జీలు, పుస్తకాల అంగళ్ళు, పాత్రల అంగళ్ళు కిక్కిరిసి ఉండేవి. వాటిని ఈ మధ్యనే అక్కడినుంచి మార్చినారు. రాణి మంగమ్మ ఎండాకాలం విడిది అని చెప్పుకునే తముక్కం భవనంలో 1959 నుంచి గాంధీ మ్యూజియం నడుస్తోంది. తూర్పున వండియూరు తెప్పకుళం. తిరుమల నాయకుడి మహలుకు ఇటుకలు చెయ్యడానికి ఇక్కడ మన్ను తవ్వినారనీ, ఆ గుంటే ఈ కోనేరు అయిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. సాయంకాలం ఆ గట్టు మీద గాలి బాగుంటుంది.

ఆ గట్టు మీదనే సౌరాష్ట్ర స్నేహితురాలు సంచీలోనుంచి ఒక పాత పుస్తకం తీసింది. వాళ్ళ తాత దాచుకున్న పాటల పుస్తకం. భాష సౌరాష్ట్రం, అక్షరాలు తెలుగు. వాళ్ళ భాషను ఒకప్పుడు తెలుగు లిపిలో కూడా రాసేవాళ్ళు. తనకు తమిళం, ఇంగ్లీషు తప్ప చదవడం రాదు. తమిళ మీడియం చదివిన మా అక్కలకూ తెలుగు అక్షరం రాదు. కన్నడ బడిలో చదివినవాళ్ళకు తెలుగు లిపి సగం వచ్చినట్టే. తలకట్టు, ఒత్తులు కొంచెం అలవాటు చేసుకుంటే చాలు. కాబట్టి ఒకరం అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివినాము. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తనకు అంతా అర్థమైంది. రెండో పేజీ దగ్గర కళ్ళు తుడుచుకుంది. "ఇది మా తాత పొద్దున్నే పాడేది, పుస్తకంలో ఉందని నాకు తెలియదు" అంది. ఆ రోజు జిగర్‌తండా బాగా ఆలస్యమైంది.

వెంట వచ్చిన పిల్లల్లో పదేళ్ళవాడు అడిగినాడు: "ఈ రాజులది మన భాషే అంటారు. మరి ఊళ్ళో తెలుగు బోర్డు ఒక్కటి కూడా లేదే?" నాయకరాజుల తామ్రశాసనాల్లో తెలుగువి ఉన్నాయని చెప్పినాము. కృష్ణరాయలు 'ఆముక్తమాల్యద' రాసింది మాల ఇచ్చిన ఆ ఆండాళ్ గురించేననీ, అందులో మధురా నగరం ఉందనీ, ఎండాకాలం వర్ణన కూడా ఉందనీ చెప్పినాము. అంటే బయటి ఎండను తెలుగులో చెప్పినవాళ్ళు ఐదు వందల ఏళ్ళ కిందటే ఉన్నారు. వాడు తలూపినాడు గానీ, వాడు అడిగింది పుస్తకం గురించి కాదు. వీధిలో వినబడే తెలుగు గురించి. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోయంబత్తూరులో దొరికింది.

తిరునాళ్ళు అయిపోయినాక పళని, పొల్లాచ్చి మీదుగా పోయే రైలెక్కి కోయంబత్తూరు వచ్చినాము. పొల్లాచ్చి, పళని మధ్యనే 1920లో జి.డి. నాయుడు తన మొదటి బస్సు నడిపినారు. కోయంబత్తూరులో మాకు చూపించే తెలుగు అంతా ఇట్లాంటిదే. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు మొదలుపెట్టిన లక్ష్మీ మిల్లు, 1926లో పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కొడుకులు పెట్టిన పి.ఎస్.జి. ధర్మసంస్థ, అవినాశి రోడ్డులో జి.డి. నాయుడు మ్యూజియం. ఎండ పూట పిల్లల్ని ఆ మ్యూజియానికి తీసుకుపోతే బయటికి రామంటారు. 1930లలో పైకారా కరెంటు వచ్చినాక మిల్లులు పెరిగి, వాటితోబాటు ఊరు పెరిగింది. పీళమేడు, సింగానల్లూరు, గణపతి ఒకప్పుడు వేరే వేరే ఊళ్ళు. ఇప్పుడు ఎక్కడ ఏది ముగుస్తుందో చెప్పలేము. సరవణంపట్టిలో చోళం చేలు ఉండిన చోట ఐటీ కంపెనీలు వచ్చినాయి.

మరుసటి రోజు మరుదమలై పోదామనుకున్నాము. ఎండ ఎక్కకముందే మెట్లెక్కాలని తెల్లవారి ఐదు గంటలకే గాంధీపురంలో బస్సు కోసం నిలబడినాము. వీధి దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు రోడ్డు ఊడుస్తా మాట్లాడుకుంటున్నారు. ముందుగా చెవిలో పడింది పదేళ్ళవాడికే. "అవ్వా, వాళ్ళు మన మాట మాట్లాడుతున్నారు" అన్నాడు.

అవ్వ దగ్గరికి పోయి అడిగింది: "మరుదమలై బస్సు ఇక్కడ నిలుస్తాదా అమ్మా?"

వాళ్ళలో పెద్దామె పొరక ఆపి చూసింది. "ఇక్కడ నిలవదు అవ్వా. అదో ఆ మలుపు తిరిగితే వేపచెట్టు ఉండాది, దాని కింద నిలుస్తాది. ఇంకా అరగంట ఉంది, పోయి నీడపట్టున కూచోండి. ఈ పొద్దు ఎండ నిప్పులు చెరుగుతాది."

"మీది ఏ ఊరమ్మా?"

"ఈ ఊరే. మా తాత, ముత్తాత కాలంనుంచీ ఈ ఊరే."

ఆంధ్రలోని చుట్టాలు "మీది ఏ ఊరు" అని అడిగితే మేము ఇచ్చే జవాబు కూడా అదే.

పుట్టి పెరిగిన ఊళ్ళో మాకు తెలుగులో దారి చెప్పిన మొదటి మనిషి ఆమె. మలుపు, నీడపట్టు, నిప్పులు చెరిగే ఎండ. మేము షీట్‌లో ఖాళీ పెట్టుకున్న మాటలు రోజూ తెల్లవారి ఆ రోడ్డు మీద వాడుకలోనే ఉన్నాయి. కోయంబత్తూరు పక్క అరుంధతీయుల్లో చాలామంది ఇళ్ళల్లో తెలుగే. తోలుపని, పొలంపని, ఊరు శుభ్రం చేసే పని తరతరాలుగా వాళ్ళమీదనే వేసినారు. అన్నీ గడప బయటి పనులే.

బస్సులో కూర్చున్నాక అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పింది. తను పెరిగిన ఊళ్ళో కూడా ఊరి చివర వాళ్ళ ఇళ్ళు ఉండేవి. పనికి వస్తే వాకిట్లోనే నిలబడాలి. నీళ్ళు అడిగితే దోసిట్లో పొయ్యాలి. "వాళ్ళు మాట్లాడేది మన మాటే. అయినా లోపలికి రా అని ఎవురూ అనలా" అంది. తెలుగు గడప లోపలి భాష అని మేము చెప్పుకుంటూ వచ్చాము. అదే భాష మాట్లాడే మనుషుల్ని ఆ గడప బయటే నిలబెట్టినారు. మన ఇళ్ళల్లో రాసిపెట్టుకున్న వంశవృక్షాల్లో, వలస కథల్లో నాయకరాజులు ఉన్నారు, నల్లరేగడి సాగు చేసిన రైతులు ఉన్నారు, మిల్లులు కట్టినవాళ్ళు ఉన్నారు. రోడ్డు ఊడ్చేవాళ్ళు, తిత్తి కుట్టేవాళ్ళు లేరు. దక్షిణాదిలో తెలుగు నిలిచిందని మనం లెక్క చెప్పేటప్పుడు వాళ్ళను వదిలిపెడితే ఆ లెక్క తప్పు.

మరుదమలై మెట్ల మీద పదేళ్ళవాడు ఆ మాటల్ని గట్టిగా అంటా ఎక్కినాడు. మలుపు వచ్చినప్పుడల్లా "మలుపు!" నీడ వచ్చినప్పుడల్లా "నీడపట్టు!" దేవాంగ స్నేహితుడు, తమిళ స్నేహితులు కూడా వాడితో కలిసి అరవడం మొదలుపెట్టినారు. ఒక భాష పిల్లవాడి నోట్లో బయటి గాలికి తిరగడం మేము అప్పుడే చూసినాము.

ఆ సాయంకాలం షీట్‌లో నాలుగో గడి చేర్చినాము: ఈ మాట ఎక్కడ, ఏ పని చేసేవాళ్ళ నోట విన్నాము. మన కుటుంబ చరిత్రలో కోయంబత్తూరు భాగాన్ని తిరిగి రాసేటప్పుడు ఆ నాలుగో గడి కూడా అందులోకి రావాలని మా కోరిక. పెద్దవాళ్ళలో కొందరికి ఇది నచ్చదని తెలుసు. అవ్వ మాత్రం రాయమంది.

ఈ ఎండాకాలం మీరు కూడా పిల్లల్ని, స్నేహితుల్ని వెంటబెట్టుకుని ఊరు తిరగబోయినప్పుడు కాస్త పెందలాడే బయలుదేరండి. మీ వీధిలో తెలుగులో దారి చెప్పేవాళ్ళు ఎవరో వినండి. విన్న మాట రాసి పంపండి. చెప్పినవాళ్ళు ఏ పని చేసేవాళ్ళో కూడా రాయండి.