తిథి తెలిసిన అతిథి

అతిథి అనే మాటకు వాడుకలో ఉన్న వ్యుత్పత్తి తిథి లేనివాడని, అంటే ఫలానా నాడు వస్తానని ముందుగా కబురు పెట్టకుండా గుమ్మంలో అడుగుపెట్టినవాడని. మనుస్మృతి మరో దారిన వెళ్లి, నిలకడగా ఉండనివాడు కనుక, ఒక్క రాత్రి ఉండి తన దారిన వెళ్లేవాడు కనుక అతడు అతిథి అంటుంది. ఈ రెండు అర్థాలనూ పక్కపక్కన పెట్టుకుని నేటి హోమ్‌స్టేను చూస్తే, రెండోది చెక్కు చెదరకుండా ఉండగా మొదటిది పూర్తిగా తలకిందులైందని తెలుస్తుంది. ఇప్పుడు వచ్చేవాడు నెల ముందే తేదీ ఖాయం చేసుకుని, అడ్వాన్సు కట్టి, రైలు దిగే వేళ కూడా చెప్పి మరీ వస్తాడు. అయినా ఆ ఇంటికి చెప్పాపెట్టకుండా వచ్చేవారి కొరత లేదు. ముసురు, మంచు, తుపాను, పూత మాత్రం ఎవరి అనుమతీ అడగకుండానే వస్తాయి. అలాంటి ఇంటిని ఏడాది పొడుగునా నడపడమంటే తిథి తెలిసిన అతిథికీ, తిథి చెప్పని రుతువుకీ మధ్య సర్దుబాటు చేస్తూ పోవడమే.

బాటసారికి చోటు ఇవ్వడం తెలుగు నేలకు కొత్త కాదు. దాత తన పుణ్యం కోసం కట్టించి, వచ్చినవారికి ఉచితంగా నీడనిచ్చేది సత్రం. కూడు అంటే అన్నం, పూటకింత అని సొమ్ము పుచ్చుకుని ఆ కూడు పెట్టేది పూటకూళ్ల ఇల్లు. క్రీడాభిరామంలో వర్ణితమైన ఓరుగల్లు నగరంలో ఒక్క రూకకు మంచి అన్నం, పిండివంటలు, పప్పు, నెయ్యి, పెరుగుతో తృప్తిగా వడ్డించే పూటకూళ్ల ఇంటి ప్రస్తావన ఉంది. అంటే డబ్బు తీసుకున్నా పెట్టే చేతికి లోభం ఉండకూడదన్న మర్యాద ఆ వృత్తికి అప్పటికే ఏర్పడి ఉంది. 1897లో అచ్చయిన గురజాడ కన్యాశుల్కంలోని పూటకూళ్లమ్మను మాత్రం లోకం ఆమె వృత్తి పేరుతోనే పిలుస్తుంది. ఆ పిలుపులో అవసరంతో పాటు చులకన కూడా వినిపిస్తుంది, ఎందుకంటే నాటి సమాజం ఆమె చేతి అన్నం తింటూనే, అన్నం అమ్ముకునే ఆడదాన్ని తక్కువ చూపు చూసింది. నేటి హోమ్‌స్టే గృహిణి తెలిసో తెలియకో ఆ పూటకూళ్లమ్మకే వారసురాలు, కాకపోతే ఈమెను ఇప్పుడు పర్యాటక రంగ భాగస్వామి అంటున్నారు.

బ్రిటన్‌లో బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటే ఒక కుటుంబం తాము కాపురం ఉంటున్న ఇంట్లోనే ఒకటి రెండు గదులు బయటివారికిచ్చి, రాత్రికి పడక, పొద్దున్నే ఫలహారం సమకూర్చే ఏర్పాటు. భారత పర్యాటక శాఖ కూడా దాదాపు ఈ లక్షణాలనే తన పథకానికి తీసుకుంది. దాని ప్రకారం యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసించాలి, అద్దెకిచ్చే గదులు ఆరుకు మించకూడదు, సదుపాయాలను బట్టి ఆ ఇంటికి గోల్డ్ లేదా సిల్వర్ తరగతి ఇస్తారు. విదేశీయులు బస చేస్తే ఆ వివరాలను 24 గంటల్లో అధికారులకు తెలపాలి. అయితే ఫలహారంతో సరిపెట్టడం మన నేల మీద సాధ్యం కాదు. పొద్దున టిఫిను తిన్న కుటుంబం మధ్యాహ్నం భోజనానికి ఏముందని అడగడం, రాత్రికి కోడికూర దొరుకుతుందా అని ఆరా తీయడం సహజం కనుక, పేరుకు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అయినది ఆచరణలో మూడు పూటల పూటకూళ్ల ఇల్లవుతుంది.

ఈ వృత్తికీ రుతువులకూ ఉన్న ముడి విప్పి చూడడానికి అరకు లోయను మించిన చోటు ఆంధ్రదేశంలో కనిపించదు. విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైబడిన ఎత్తున, అనంతగిరి కొండల అవతల ఉంది ఈ లోయ. 1960వ దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం సొరంగాల మీదుగా ఈ కొండలెక్కింది. ఖనిజం కోసం పుట్టిన ఆ దారే తర్వాత యాత్రికుల దారైంది, 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా వచ్చి చేరింది. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూమి బదలాయింపు నిబంధనను సవరిస్తూ 1970లో వచ్చిన మొదటి నిబంధనను జనం వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి చట్టబద్ధంగా వెళ్లదు. కనుక ఇక్కడ నిజమైన అర్థంలో హోమ్‌స్టే అంటే కొండదొర, భగత, కోటియా, వాల్మీకి, పోర్జ వంటి ఆదివాసీ కుటుంబాల సొంత ఇల్లే కావాలి. ఆ ఇంటికి పొలముంది, పశువులున్నాయి, కాఫీ తోట ఉంది. అతిథి కోసం విప్పిన పరుపు ఆ ఇంటి పనుల్లో ఒకటి, అదీ చివరిది.

మూడు గదులున్న ఇంటిని లెక్కకు తీసుకుంటే, ఏడాదికి అమ్మదగిన రాత్రులు 1,095. యాత్రికులు విరగబడి వచ్చే నవంబరు, డిసెంబరు, జనవరి నెలలు మూడూ కలిపి 92 రోజులు. ఆ రోజుల్లో ఒక్క గదీ ఖాళీ లేకపోయినా నిండేవి 276 రాత్రులు, అంటే మొత్తంలో నాలుగో వంతు. మిగతా ముప్పాతిక ఏడాదిని ఆ పావు ఏడాది సంపాదన మోయాలి. మనువు చెప్పిన ఒక్క రాత్రి అతిథి ఈ లెక్కలో ఇంటివారికి భారమే. ఒక్క రాత్రి పడుకున్నా రెండు రాత్రులు పడుకున్నా ఉతకాల్సిన దుప్పటి ఒకటే, తుడవాల్సిన గది ఒకటే, కానీ చేతికొచ్చే అద్దె సగమే. అందుకే ఉదయం రైల్లో వచ్చి బొర్రా గుహలు చూసుకుని, రాత్రి గడిపి మర్నాడు దిగిపోయే యాత్రికుణ్ని రెండో రాత్రి కూడా నిలబెట్టడానికి ఇంటివారు దగ్గరలో ఇంకో జలపాతం ఉందని గుర్తుచేస్తుంటారు.

హోమ్‌స్టే ఏడాది ఉగాదితో కాక బడుల వేసవి సెలవులతో మొదలవుతుంది. మైదానంలో వడగాడ్పులు వీచే రోజుల్లో పిల్లాజెల్లాతో పైకి వచ్చే కుటుంబాలు చల్లదనాన్ని వెతుక్కుంటూ వస్తాయి గాని, మే నెల మధ్యాహ్నం అరకులోనూ ఎండ ఎండే. అందువల్ల ఈ రుతువులో గృహస్థు మొదటి పని అతిథి ఊహను కొద్దిగా సవరించడం, రెండోది నీటిని పొదుపు చేయడం, ఎందుకంటే ఊటనీటి మీద ఆధారపడిన ఇళ్లలో తొట్టి నిండే వేగం తగ్గేదీ, స్నానాలు పెరిగేదీ ఈ నెలల్లోనే. పనస పండి గుమగుమలాడే వేళ కూడా ఇదే. మామిడి విషయంలో మరొక మర్యాద ఉంది. కొత్తగా వచ్చిన పంటను దేవతకు నైవేద్యం పెట్టాకే నోట పెట్టుకోవాలన్న ఆచారాన్ని కొండల్లో కొత్త అంటారు, మామిడి కొత్త అందులో ఒకటి. పెరట్లో కాయలు వేలాడుతున్నా కొత్త జరగనిదే కోయని ఇంట్లో, డబ్బు కట్టిన అతిథి కూడా తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే.

జూన్‌లో తొలకరి పడగానే సందడి సద్దుమణుగుతుంది. వానాకాలం కొండలకు గొప్ప అందం, హోమ్‌స్టేకు గడ్డుకాలం. కటికి, అనంతగిరి, చాపరాయి జలధారలు నిండుగా దూకే ఈ రోజుల్లోనే ఘాట్ రోడ్డు మీద మట్టిపెళ్లలు విరిగిపడతాయి, ఒక్కోసారి రైలుమార్గం మీద బండలు జారి రైళ్లు ఆగిపోతాయి, కట్టిన అడ్వాన్సులు వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. ఇంటి లోపల పోరాటం తేమతో. ముసురు పట్టిన వారంలో దుప్పటి ఆరదు. పొయ్యి మీది దండేనికి వేస్తే ఆరుతుంది గాని పొగ వాసన పడుతుంది, మడిచి పెడితే ముక్కిన వాసన వేస్తుంది. మిగతా కాలాల్లో మంచానికి రెండు జతలు చాలినచోట ఇప్పుడు మూడు నాలుగు కావాలి. మలేరియా చరిత్ర ఉన్న మన్యం కనుక దోమతెర లేని మంచాన్ని అతిథికి చూపించడం తగదు. ఇంతలో నాట్లు మొదలై ఇంటిల్లిపాదీ పొలంలో ఉంటారు. అయినా ఈ కాలంలో వచ్చే కొద్దిమంది తిరగడానికి కాక అరుగు మీద కూర్చుని వాన చూడడానికి వస్తారు. వాళ్లకు పొద్దున వేడి చోడి అంబలి, అంటే ఇతర ప్రాంతాల్లో రాగి జావ అనేది, లోటా నిండా పోసి ఇస్తే ఇంకేమీ అడగరు. వారిలోనే మళ్లీ మళ్లీ వచ్చేవారు ఎక్కువ.

శరత్తులో లోయ పసుపు పచ్చనవుతుంది. వలిసెలు నూనెగింజల పంట, వానలు ముదిరాక చల్లితే అక్టోబరు, నవంబరు నాటికి పూతకొస్తుంది. ఒకప్పుడు ఈ పూవు గానుగ కోసం పూసేది, ఇప్పుడు ఫొటో కోసం కూడా పూస్తోంది. చేలో దిగి మొక్కలు తొక్కేవారి వల్ల పోయే గింజకు బదులుగా కొందరు రైతులు గట్టు మీదనే కొద్దిపాటి రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. పూత ఎప్పుడని ఫోనులో అడిగేవారికి తేదీ చెప్పడం హోమ్‌స్టే యజమానికి ఏటా ఎదురయ్యే పరీక్ష, ఎందుకంటే వాన వెనకబడితే విత్తు వెనకబడుతుంది, విత్తు వెనకబడితే పూత వెనకబడుతుంది, వచ్చినవాడు మాత్రం మాట తప్పింది ఇంటివారేనంటాడు. పైగా బంగాళాఖాతంలో తుపానులు పుట్టేది సరిగ్గా ఈ నెలల్లోనే. 2014 అక్టోబరు 12న విశాఖ తీరం దాటిన హుద్‌హుద్ ఈ కొండల్లో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను కూల్చేసింది. పడిపోయిన గదిని ఒక ఏడాదిలో మళ్లీ కట్టుకోవచ్చు, పడిపోయిన నీడను కట్టలేరు.

హేమంతంలో చీకటితోనే లేవాలి. చింతపల్లి వైపు లంబసింగిలో చలి కొరికే రోజులు, పాడేరు దగ్గర వంజంగి కొండ కింద మబ్బులు సముద్రంలా పరుచుకునే ఉదయాలు ఇవే. ఆ మబ్బుల మీద సూర్యోదయం చూడాలనుకున్నవారు తెల్లవారుజామునే బయలుదేరతారు కనుక, వేన్నీళ్ల కోసం, కాఫీ కోసం గృహిణి వారికంటే గంట ముందు పొయ్యి రాజేయాలి. రాత్రి నెగడు చుట్టూ కబుర్లు ఆలస్యంగా ముగుస్తాయి, వెదురు బొంగులో కోడిమాంసం కూరి నిప్పుల మీద కాల్చిన బొంగు చికెన్ కావాలంటారు. పరుగెత్తే ఈ మూడు నెలల్లోనే వరి కోత, వలిసెల నూర్పిడి, వాటన్నిటికీ మించి కాఫీ పండ్ల సేకరణ వచ్చిపడతాయి. అరబికా పండ్లన్నీ ఒక్కసారి ఎర్రబడవు కనుక ఒకే చెట్టు దగ్గరికి పలుమార్లు వెళ్లి పండిన వాటినే ఏరాలి, కోసిన నాడే తొక్క తీసి, కడిగి, ఆరబెట్టాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీకి పేరు తెచ్చేది ఈ ఓపికే. అతిథి కాఫీ తోట చూస్తానంటాడు, తోటలో ఉండాల్సిన మనిషి అతిథికి కాఫీ కలుపుతూ వంటింట్లో ఉంటుంది. పర్యాటకం వల్ల రాబడి పెరిగిందని లెక్కలు వేసేటప్పుడు, ఆ రెండు పనులనూ ఒకే జత చేతులు చేస్తున్నాయన్న సంగతి విడిగా రాసుకోవాలి.

సంక్రాంతి దాటాక రద్దీ పలచబడుతుంది. పరీక్షల కాలం కనుక ఫాల్గుణ చైత్రాల్లో గదులు చాలావరకు ఖాళీ. అప్పుడు పరుపులు ఎండలో పడతాయి, గోడలకు సున్నం పడుతుంది, ఇంటివారు వెనక గదిలోంచి మళ్లీ తమ ముందు గదిలోకి వస్తారు. చైత్రంలో ఇటుకల పండగ జరుగుతుంది. మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పట్టుకుని వచ్చేపోయే బండ్లను ఆపి, పాట పాడి పండగ మామూలు పుచ్చుకుంటారు. ఏడాదంతా వచ్చినవారికి వడ్డించిన చేయి ఆ కొద్ది రోజులు దారిన పోయేవారి ముందు దర్జాగా చాపుతుంది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఉరుములతో వేసవి జల్లు పడుతుంది. కాఫీ రైతులు దాన్ని పూత వాన అంటారు, ఎందుకంటే ఆ జల్లు పడిన ఎనిమిది పది రోజులకు తోట తోటంతా ఒక్కసారి తెల్లగా పూసి, మల్లెలను తలపించే వాసన కొట్టి, రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది. వాన ఏ రోజు పడుతుందో తెలియదు కనుక ఆ పూత కోసం గది ముందుగా ఖాయం చేసుకోవడం ఎవరివల్లా కాదు. అది పూసిన ఉదయం ఇంట్లో తరచుగా ఇంటివారే ఉంటారు. రాబోయే హేమంతంలో అతిథి తాగే కాఫీ ఆ రెండు రోజుల్లోనే నిర్ణయమైపోతుంది. చెప్పకుండా వచ్చి, నిలకడగా ఉండక వెళ్లిపోయే ఆ పూతకు అతిథి అన్న మాట రెండు అర్థాల్లోనూ సరిపోతుంది. గదుల పుస్తకంలో మాత్రం ఆ వారం గడి ఖాళీగానే కనిపిస్తుంది.