గులాబీ నీహారిక

మా తిరువూరు చుట్టును మామిడితోటలు మెండు. బాల్యమున నేను మా తోటలో నాన్నగారి ప్రక్కన నులకమంచముపై పరుండి మృగశిర, ఆర్ద్ర మొదలగు నక్షత్రముల పేర్లు నేర్చుకొంటిని.

ఆర్ద్రకు తూర్పుగా, కంటికి కనబడని వాయుమేఘ మొకటి కలదు. దానికి గులాబీ నీహారిక యని పేరు. అది మనకు సుమారు 5,000 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. ఆకాశమున దాని వెడల్పు పూర్ణచంద్రుని వెడల్పునకు రెండింతలకు పైగా నుండును. అయినను దాని కాంతి మిక్కిలి మందము. నాన్నగారి చూపు క్రమముగా తగ్గునని వైద్యులు చెప్పియుండిరి. అది పూర్తిగా తగ్గకముందే వారికి ఆ నీహారిక ఛాయాచిత్రమును చూపవలెనని నేను తలచితిని.

నీహారిక నడుమనున్న వేడి నక్షత్రముల కిరణములు సోకి చుట్టునున్న వాయువు వెలుగును. ప్రతి మూలకమును తనకు నియతమైన కాంతినే వెలువరించును. హైడ్రోజనుయొక్క ప్రధానమైన ఎఱ్ఱని కాంతి తరంగదైర్ఘ్యము 656.3 నానోమీటర్లు. 1864లో విలియం హగ్గిన్స్ అను ఆంగ్లేయుడు మరియొక నీహారికలో ఆకుపచ్చని కాంతిరేఖను చూచెను. అది ఏ మూలకముదో తెలియక పండితులు 'నెబ్యూలియం' అను కొత్త పేరు కల్పించిరి. అది ఆక్సిజన్ వెలుగేయని 1927లో బోవెన్ తెలిపెను.

అట్టి ఒక్కొక్క కాంతిని మాత్రమే పోనిచ్చి, వీథిదీపముల వెలుగును చాలవఱకు ఆపివేయు ఫిల్టర్లు మూడు తెచ్చితిని: హైడ్రోజనున కొకటి, ఆక్సిజనున కొకటి, గంధకమున కొకటి.

ఆకాశమును చిత్రించుట మన సీమకు కొత్త కాదు. గత శతాబ్దపు పూర్వార్ధమున హైదరాబాదు నిజామియా వేధశాలవారు గాజుపలకలపై నక్షత్రములను చిత్రించి, పలు దేశములు కలిసి చేసిన నభోపట నిర్మాణమునకు తోడ్పడిరి. ఆనాడు దూరదర్శినికి కన్నానించి గురి తప్పకుండ కాచుకొనవలసియుండెను. నేడు ఆ పని యంత్రమే చేయును. ఆ ధీమాతో మొదటి రాత్రి నేను నిద్రపోతిని. తెల్లవాఱి చూడగా కటకముపై మంచు పేరుకొని, చిత్రములన్నియు మసకబారియుండెను.

మఱునాడు నాన్నగారు దుప్పటి కప్పుకొని తోటకు వచ్చిరి. అరగంట కొకసారి "అద్దము చూచితివా, నాయనా?" అని హెచ్చరించుచుండిరి. రాత్రి కొక ఫిల్టరు చొప్పున మూడు రాత్రులు మేల్కొంటిమి. ఒక్కొక్క ఫిల్టరుతో ఐదేసి నిమిషముల చిత్రములు 48 తీసితిని. వాని సగటు తీయగా, ఒంటి చిత్రమునందలి గరుకుదనము సుమారు ఏడవవంతునకు తగ్గెను. నల్లని తెరపై గులాబి విచ్చుకొనెను.

అయితే ఆ మూడును నలుపు తెలుపు చిత్రములే. గంధకమునకు ఎఱుపు, హైడ్రోజనునకు పచ్చ, ఆక్సిజనునకు నీలము వేసి వానిని కలిపి, పటముగా చేయించితిని.

నాన్నగారు పటమును కన్నులదగ్గఱకు తెచ్చుకొని చాలసేపు చూచిరి. "ఈ రంగులు అక్కడ ఇట్లే యున్నవా?" అని అడిగిరి.

ఔనన్నచో వారెంతయో సంతోషింతురు. నా నోట ఆ మాట రాబోయెను. కాని మూడు రాత్రులు నన్ను నమ్మి మేల్కొన్న ముఖము నా యెదుట నుండెను.

"లేదు నాన్నగారూ. గంధకము, హైడ్రోజను రెండును ఎఱ్ఱగనే వెలుగును. వేఱుగా తెలియుటకు ఈ రంగులు నేను వేసితిని. ఆకారము మాత్రము నిజము."

వారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "ఆ మాట పటము క్రింద వ్రాయుము. చూడవచ్చు పిల్లలు పొరబడరాదు" అనిరి.

వ్రాసితిని. ఇప్పుడు నాన్నగారికి ఆ పటము కనబడదు. అయినను ఇంటికెవరు వచ్చినను, "మొదట క్రింది వ్రాత చదువుము, పిమ్మట బొమ్మ చూడుము" అని చెప్పుచుందురు.