బీడుభూమికి శిస్తు

విమానాలు కడపలో 2015లో, మా కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో 2021లో దిగడం మొదలైంది. ఓర్వకల్లులో తొలి విమానం దిగిననాడు నాన్న, “ఇంగ మనూరి మీదనే తోలుకుంటా వస్తావులేరా” అని నవ్వారు. రెండెకరాలు అమ్మి నన్ను పైలట్ శిక్షణకు పంపిన మనిషి ఆయన.

లైసెన్సుకు కావలసిన 200 గంటలూ ఎగిరాను. ఉద్యోగానికి దరఖాస్తు పంపి నాలుగు నెలలైంది. జవాబు లేదు. కన్ను, చెవి, గుండె సరిగా ఉన్నాయని ఏటేటా వైద్య పరీక్షలో తేలాలి. లేకుంటే లైసెన్సు ఉన్నా ఎగరరాదు. పిలుపు వచ్చినా రాకున్నా ఆ ఖర్చు తప్పదు, బీడుభూమికి శిస్తు కట్టినట్టు.

మొదట్లో నాన్న రోజూ అడిగేవారు. ఇప్పుడు మానేశారు. నాకు అదే ఎక్కువ బరువుగా ఉంది. నిన్న సాయంత్రం వేరుశనగ విత్తనాలు కొని తెచ్చి వసారాలో పెట్టారు. వాన ఇంకా పడలేదు.