52 హెర్ట్జ్‌ల తిమింగలం, మన మెస్సు

ఇది ఒక పాట గురించిన పోస్టు, కాస్త పొడుగే.

హాస్టళ్లలో బీటీఎస్ పేరు తెలీనోళ్లు తక్కువ. డైనమైట్, బటర్ అందరికీ నోటికొచ్చు. అమలాపురంలో మేం రాత్రి లైట్లార్పాక వినేది మాత్రం వేరు. 2015 నవంబర్ చివర్లో వచ్చిన ఆల్బంలోని ‘వేలియన్ 52’. వేల్ అంటే తిమింగలం, ఏలియన్ అంటే పరాయివాడు, రెండూ కలిపేశారు. కొరియా భాష మాకెక్కడిది, సబ్‌టైటిళ్లు చూసే అర్థం చేసుకున్నాం. దిగులు పాట.

ఆ తిమింగలం కల్పన కాదు. సబ్‌మెరైన్ల చప్పుడు పట్టడానికి అమెరికా నౌకాదళం పసిఫిక్‌లో పెట్టిన మైకుల్లో 1989లో దాని గొంతు మొదటిసారి పడింది. నీలి తిమింగలాలు 10 నుంచి 40 హెర్ట్జ్‌ల మధ్య పలుకుతాయి, ఇదేమో 52లో. విలియం వాట్కిన్స్ బృందం 12 ఏళ్లు ఆ గొంతు వెంటపడి 2004లో వివరాలు అచ్చేసింది. అలాంటి గొంతు ఇంకోటి దొరకలేదు. అందుకే లోకం దానికి ఒంటరి తిమింగలం అని పేరెట్టేసింది. అయితే మిగతా తిమింగలాలకి దాని కూత వినపడే ఉండొచ్చని శాస్త్రవేత్తలు అంటారు. మమ్మల్ని పట్టుకుంది ఈ ముక్కే.

మొన్న మెస్సులో మన తమ్ముడొకడు నోరుజారి ‘ఏరు’ అడిగాడు. మన కోయలో ఏరంటే నీళ్లు, వాళ్ల తెలుగులో వాగు. బెంచీ మొత్తం నవ్వింది. వాడన్నది వాళ్లకి వినపడలేదా? బాగానే వినపడింది. ఆ రోజు నుంచి వాడికి దాహమేస్తే లేచెళ్లి తనే ముంచుకు తాగుతున్నాడు, ఎవర్నీ అడగడు. (ఇక్కడోళ్ల ‘ఆయ్’ని సినిమాల్లో ఎన్నేళ్లుగా ఎక్కిరిస్తున్నారో వాళ్లకి తెలీదా!)

2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 4 లక్షల పైమాటే. తిమింగలానికి ఒక్క తోడు దొరకలేదు. మనకేమో ఇంతమంది. అయినా ఇంటి నుంచి ఫోనొస్తే వరండా చివరికిపోయి గుసగుసలాడతాం. ఆ తిమింగలం స్వరం కూడా తర్వాత్తర్వాత 47 దగ్గరకి దిగిందట.

కూనవరం దగ్గర గోదావరిలో కలిసే మన శబరి నీళ్లు మనకంటే ముందే ఈ సముద్రానికి వచ్చేశాయి. వచ్చే ఆదివారం సాయంత్రం ఓడలరేవు బీచికి రండి. అక్కడ గట్టిగా, కోయలోనే మాట్లాడుకుందాం. తెలుగు ముక్క దొర్లిన వాళ్లు అందరికీ బజ్జీలు కొనిపెట్టాలి. ఆ తమ్ముడికి మేం చెప్పేశాం, వస్తానన్నాడు.