కేస్లాపూర్ రాయి, మార్లవాయి మట్టి

ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు పోయే బస్సు గుడిహత్నూరు దాటాక గుట్టలు దగ్గరికి జరుగుతాయి. ముత్నూరులో దిగి కేస్లాపూర్ దారి పట్టాను. గిరిజన ఏజెన్సీలో ఒక ఊరు ఎలా మారుతుంది, ఎవరు మార్చవచ్చు, ఎవరు మార్చకూడదు అన్నది చూడాలని బయల్దేరిన ప్రయాణం ఇది. ఉట్నూరు దాకా పోకముందే కేస్లాపూర్‌లో ఆగక తప్పదు.

జాతర రోజులు కావు. పుష్య అమావాస్యకు కిక్కిరిసే మైదానంలో రెండు ఎద్దులు మేస్తున్నాయి. గోండుల్లో మెస్రం వంశీకులు జాతరప్పుడు బస చేసే మర్రిచెట్ల కింద నీడ మాత్రమే ఉంది. ఎదురుగా వాళ్ల సర్పదేవుడు నాగోబా గుడి, నిలువెల్లా రాతి కట్టడం. దగ్గరికి వెళ్లి గోడ మీద చెయ్యి పెడితే పొద్దున్నే కాబట్టి చల్లగా తగిలింది.

ఈ గుడి 2022 డిసెంబరులో తెరుచుకుంది. సుమారు 5 కోట్ల రూపాయల ఖర్చు మెస్రం కుటుంబాలు తలా ఇంత వేసుకుని పెట్టుకున్నదే. పాత గుడి స్థానంలో కొత్తది రావడమంటే మామూలుగా పాతదాన్ని ప్రేమించేవాళ్లకు గుండె కలుక్కుమంటుంది. ఇక్కడ అలా అనిపించలేదు. గుడి రాయిదైనా పూజ మట్టితోనే సాగుతోంది. మహాపూజకు కావలసిన కుండలు ఇప్పటికీ సిరికొండ కుమ్మరులే చేస్తారు. గోదావరి నీళ్లు కలమడుగు దగ్గరి హస్తినమడుగు నుంచి మెస్రం వాళ్లు కాలినడకన మోసుకొస్తారు. ఆడపడుచులు, అల్లుళ్లు పుట్టమన్ను తడిపి కొత్త పుట్టలు చేస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి చూపించే భేటింగ్ జరిగాకే వాళ్లు వంశంలో కలిసినట్టు. ఏది మారాలో ఏది మారకూడదో ఆ వంశమే కూర్చుని తేల్చుకుంది.

ఇంగ్లండులో ఇలా ఏది మారాలో తేల్చడానికి పెద్ద యంత్రాంగమే ఉంది. 1947 ప్రణాళికా చట్టంతో కట్టడాలకు స్థానిక సంస్థ అనుమతి తప్పనిసరి అయింది. 1967 చట్టం ఊళ్లకు ఊళ్లనే రక్షిత ప్రాంతాలుగా ప్రకటించే వీలిచ్చింది. అలాంటి చోట చెట్టు కొట్టాలన్నా ఆరు వారాల ముందు చెప్పాలి. విల్ట్‌షైర్‌లో లేకాక్ అనే పల్లె ఉంది. దాన్ని 1944లో మటిల్డా టాల్బట్ అనే ఆవిడ నేషనల్ ట్రస్టుకు ఇచ్చేశారు. పాత ఇళ్ల వరస చెడకుండా కాపాడుతూ వచ్చారు కాబట్టే అక్కడ సినిమాలవాళ్లు పాతకాలపు కథలు తీస్తారు. ఆ చట్టాల చూపు ఎక్కువగా ఇంటి ముఖం మీద ఉంటుంది. ఏజెన్సీ చట్టం చూపు ఇంటి కింది నేల మీద.

ఆ నేల కథ తెలియాలంటే ఇంద్రవెల్లి స్తూపం దగ్గర కాసేపు నిలబడాలి. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభ పెట్టుకోవడానికి వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లు 13 మంది అని ప్రభుత్వ లెక్క, అంతకు ఎన్నో రెట్లని జనం లెక్క. తర్వాత కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఆ తేదీన అక్కడ గుమిగూడకుండా ఆంక్షలు పెట్టారు. చచ్చిపోయినవాళ్లను తలుచుకోవడానికి కూడా అనుమతి అడగవలసి వచ్చిన ఊరు ఇది.

కాల్పులు జరిగేనాటికి చట్టం లేక కాదు. 1959 భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకూ వచ్చింది. 1970లో దానికి పదును పెట్టారు. ఆ సవరణే ఊళ్లోవాళ్లు అనే 'వన్ ఆఫ్ సెవెంటీ'. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, స్థిరాస్తి బదలాయింపు గిరిజనులకు, వాళ్ల సహకార సంఘాలకు తప్ప మరెవరికీ చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, కొనేవాడు గిరిజనుడే కావాలి. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉందంటే, అది కాదని అతను రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

ఉట్నూరు బస్టాండు దగ్గర టీ తాగుతూ పక్కనున్న పెద్దాయనను అడిగాను. రోడ్డు పొడుగునా ఈ దుకాణాలు, ఈ స్లాబు ఇళ్లు ఎవరివి బాపూ అని.

"గట్ల అడిగితె ఏం జెప్పాలె సారూ. ఉండెటోడు ఒకడు, కాయితం మీద ఒకడు. ఇల్లయితె కొంటరు గని, పేరు మీదికి రాదు."

తెల్లకాగితం మీద రాసుకున్న ఆ బేరాలకు కోర్టులో విలువ లేదు. అయినా ఊరు పెరుగుతూనే ఉంది. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉన్న ఊరు, చుట్టుపక్కల మండలాలకు ఆస్పత్రి, సంత, చదువు అన్నీ ఇక్కడే. బతకడానికి వచ్చిన పేదవాడికీ తలదాచుకోను ఒక గూడు కావాలి, ఆ బాధ నిజమే. కానీ ఈ చట్టం సడలితే గూడేల్లో మిగిలిన భూమి ఎన్నాళ్లు మిగులుతుంది? నా మటుకు నాకు ఇందులో సందేహం లేదు, ఆ చట్టం ఉండవలసిందే.

గోండు రాజుల కోట కూడా ఈ ఊళ్లోనే ఉంది. గోడల సందుల్లోంచి మొక్కలు మొలిచాయి. అమ్మకం మీద నిషేధం ఉన్న నేల మీద రాయి కూలడానికి ఎవరి నిషేధమూ లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభకు తన ఆచారాన్ని, సంస్కృతిని కాపాడుకునే అధికారం ఇచ్చింది. ప్రాజెక్టులకు భూమి తీసుకునే ముందు సంప్రదించాలంది. అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించే దారి కూడా చూపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. ఆ అధికారాన్ని ఈ కోట గోడల మీద కూడా వాడుకోవాలని, కేస్లాపూర్‌లో కూర్చున్నట్టే ఇక్కడా పెద్దలు కూర్చోవాలని నా కోరిక.

మర్నాడు జైనూరు వైపు జీపెక్కి మార్లవాయి చేరాను. ఒక ఇంటి గోడ కొంచెం పెచ్చులూడి, లోపలి వెదురు తడిక కనిపిస్తోంది. తడికకు రెండు వైపులా మట్టి మెత్తి, పైన ఎర్రమన్నుతో అలికారు. వేలితో రాస్తే గడ్డిపరక తగిలింది. నాలుగడుగుల అవతల సిమెంటు ఇల్లు, పైన ఇనుప చువ్వలు ఇంకో అంతస్తు కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ ఇంటివాళ్లను ఎవరూ ఆపలేదు, ఆపకూడదు కూడా. వానకు కారని కప్పు కావాలనుకోవడం వాళ్ల హక్కు.

ఈ పల్లెకే వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వచ్చారు. 1940లో జోడేఘాట్‌లో నిజాం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాక, గోండుల కోపానికి కారణమేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఆయనను పంపింది. కారణం భూమే అని ఆయన రాశారు. పట్టాలు ఇప్పించడానికి, బడులు పెట్టించడానికి పాటుపడ్డారు. భార్య బెట్టీ ఎలిజబెత్ ఆయనతో పాటే ఈ ఊళ్లో ఉన్నారు. 1987 జనవరిలో ఆమె హైదరాబాదులో పోయారు, సమాధి ఇక్కడే కట్టారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు, ఆ చితాభస్మం 2012లో ఇక్కడికి చేరింది.

సమాధులు రెండూ పక్కపక్కనే. బయటివాళ్లకు సెంటు భూమి రాసివ్వడానికి వీల్లేని ఊరు అది. ఆ ఇద్దరికీ చోటు ఇచ్చింది. దండం పెట్టుకుని తిరిగి వస్తుంటే, బడి నుంచి వస్తున్న పిల్ల ఒకతె ఆగి "రామ్ రామ్" అంది.