జాడీలో పెట్టిన పేజీ

కంప్యూటరు పని అనగానే "అది పిల్లల శాఖ" అని ఒక నమస్కారం పెట్టి తప్పుకోవడం మనలో చాలామందికి అలవాటు. బి.ఏ. తెలుగు చదివిన నాకు మరీ అలవాటు. అయినా ఈ ఏడాది మా కుటుంబ పోర్టల్‌లో పన్నెండు పేజీలు నా చేత్తో నేనే చేర్చాను. వాటిని స్టాటిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు అంటారు. పేరు విని బెదిరిపోకండి. ఆవకాయ కలపడం వచ్చినవాళ్ళకి ఇది పెద్ద విద్యేం కాదు.

పోర్టల్ మా బావగారి అబ్బాయి తయారు చేశాడు. వంశవృక్షం, పుట్టినరోజులు, ఫోన్ నెంబర్లు, పెళ్ళి ఫొటోలు అన్నీ అందులో ఉన్నాయి. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకి. "పిన్నీ, నానమ్మ వంటలు కూడా పెడదాం, నువ్వు రాసిపెట్టు" అన్నాడు. అత్తయ్యగారికి డెబ్భై తొమ్మిది. కిందటేడు ఆవిడకి ఒంట్లో బాగా లేకపోయినప్పటి నుంచి మాట మధ్యలో ఆగిపోతోంది. వెతుక్కుంటారు, దొరక్కపోతే ఊరుకుంటారు. చెప్పించుకోవడం ఇక వాయిదా వేసే పని కాదని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

రోజుకో అరగంట ఆవిడ పక్కన కూర్చుని రాసుకున్నాను. తీరా పోర్టల్‌లో ఎక్కించబోతే అక్కడన్నీ గళ్ళే. పరిమాణం: గ్రాముల్లో. సమయం: నిమిషాల్లో. ఎంతమందికి: అంకె వేయాలి. ఆవకాయకి ఏం వేయను? అత్తయ్యగారు చెప్పింది గిద్దల్లో, సోలల్లో. సమయం అడిగితే "మూడోనాడు తిరగ కలపాలి" అన్నారు. ఎంతమందికని అడిగితే "మందికేమిటే, ఏడాదికి" అన్నారు. "ముక్కకి తడి తగిలిందా, నీ చెయ్యి నువ్వే తిట్టుకుంటావు" అన్న మాట ఏ గడిలో పడుతుంది?

మావారు "గ్రాముల్లోకి మార్చి రాసేయ్, ఎవరికైనా కావలసింది కొలతేగా" అన్నారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు మాత్రం ఫోన్లో ఒకటే మాట అంది. "వదినా, కొలతలు నాకు యూట్యూబులో దొరుకుతాయి. అమ్మ ఎలా చెప్పిందో అలా కావాలి."

మా అబ్బాయిని అడిగితే వాడు దారి చూపించాడు. "ఆ గళ్ళు డేటాబేస్ కోసం పిన్నీ. నీకు అవి అక్కర్లేదు. విడిగా ఒక ఫైలు రాసిచ్చేయ్, పోర్టల్‌లో ఒక ఫోల్డర్ చూపిస్తాను, అందులో పెట్టు. మెనూలో దానికి లింకు ఇస్తే సరి."

అప్పుడు తెలిసింది తేడా. పోర్టల్‌లో మామూలు పేజీ అంటే అడిగినప్పుడల్లా వండి వడ్డించేది. ఎవరు వచ్చారో చూసి, డేటాబేస్‌లోంచి సరుకు తీసి, అప్పటికప్పుడు తయారు చేసి పంపుతుంది. స్టాటిక్ పేజీ జాడీలో ఊరగాయ. ముందే కలిపి పెట్టి ఉంటుంది, ఎవరడిగినా తీసి పెట్టడమే.

రాయడానికి నోట్‌ప్యాడ్ చాలు. పేరాకి ముందొక గుర్తు, చివరొక గుర్తు, తలుపు తీసి మళ్ళీ వేసినట్టు. చివరి గుర్తులో ఒక ఏటవాలు గీత ఉంటుంది, అంతే తేడా. శీర్షికకి వేరే గుర్తు, లింకుకి వేరే గుర్తు. పది గుర్తులు వస్తే వంటల పుస్తకమంతా రాసేయొచ్చు. మనకి ముఖ్యమైనది పేజీ తలలో యూటీఎఫ్-8 అని చెప్పే ఒక్క వరస. ఫైలు కూడా అదే పద్ధతిలో సేవ్ చేయాలి. లేకపోతే తెలుగు అక్షరాలు పిచ్చి గీతల్లా కనబడే ప్రమాదం ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటిచ్చారట. అందుకే అత్తయ్యగారి "ఊట", "టెంక" ఏ దేశంలో ఫోనులోనైనా అలాగే కనబడుతున్నాయి.

ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి, దాచను. పోర్టల్ మెనూ ఈ పేజీల మీదకి దానంతటది రాదు. వెనక్కి వెళ్ళే లింకు పన్నెండు పేజీల్లోనూ నేనే రాయాలి, మారితే పన్నెండు చోట్లా నేనే మార్చాలి. ఇంకో సంగతి. మా పోర్టల్‌లో ఆ ఫోల్డర్ పాస్‌వర్డ్‌కి బయట ఉంది. చిరునామా తెలిస్తే ఎవరైనా తెరవొచ్చు. అందుకని వాటిలో ఫోన్ నెంబర్లు, పుట్టినరోజులు, ఇంటి అడ్రసు ఒక్కటీ పెట్టలేదు. వంట లోకానిది, ఇంటి సంగతులు ఇంటివి.

దీనికి బదులుగా వచ్చిన లాభం చిన్నది కాదు. పోర్టల్ సర్వర్‌కి ఏటా డబ్బు కట్టాలి. కుర్రాడికి ఉద్యోగం వచ్చింది, రేపు తీరిక ఉంటుందో లేదో. పోర్టల్ ఆగిపోతే అందులో అప్పటికప్పుడు తయారయ్యే పేజీలూ ఆగిపోతాయి. నా పన్నెండు ఫైళ్ళు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, ఇంటర్నెట్ లేకుండా నొక్కినా తెరుచుకుంటాయి. ఆడపడుచుకి ఒక కట్ట పంపించేశాను. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైటు పేజీలూ ఇలాంటి సాదా పేజీలేనట. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో పనిచేస్తూ రాసినవి. సెర్న్ వాళ్ళు 2013లో వాటి పాత ప్రతిని మళ్ళీ పాత చిరునామాలోనే పెట్టారు. నా ఫోనులో తెరిచి చూశాను, చక్కగా వచ్చాయి. అన్నేళ్ళ ఊరగాయ, బూజు పట్టలేదు!

ఆవకాయ పేజీ అయ్యాక అక్షరాలు పెద్దవి చేసి అత్తయ్యగారికి చూపించాను. వేలు పెట్టుకుని వరసా వరసా చదువుకున్నారు. ఒకచోట ఆగి, "నేను ఇలా అన్నానా?" అన్నారు. అన్నారని చెప్పాను. చివరిదాకా వచ్చి, "మా అత్తగారి పేరేదీ? ఇది ఆవిడ దగ్గర నేర్చుకున్నదేగా" అన్నారు.

పోర్టల్ గళ్ళలో "రాసినవారు" అన్నచోట ఒక్క పేరే పడుతుంది. నా పేజీకి ఆ హద్దు లేదు. కింద ఇంకో వరస చేర్చాను. ముందు ఆవిడ అత్తగారి పేరు, తరవాత మా అత్తయ్యగారి పేరు. నా పేరు కూడా వేయమన్నారు. ఆ ఒక్కటీ మా అమ్మాయి ఎప్పుడైనా చేరుస్తుందని ఖాళీగా వదిలాను.