కెరటం కట్టిన ఊరు

గోపాల్‌పూర్ వెళ్ళేవాళ్ళు సాధారణంగా బరంపురంలో రైలు దిగి ఆటో మాట్లాడుకుంటారు. 16 కిలోమీటర్ల దారి, అరగంటలో సముద్రం. నేను పురుషోత్తంపూర్ మీదుగా వెళ్ళాను. చుట్టుదారే. కానీ గోపాల్‌పూర్ ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు గంజాం ఎందుకు చచ్చిందో చూడాలి, గంజాం సంగతి తెలియాలంటే ఋషికుల్య వెంట నడవాలి. ఆ నది ఒడ్డునే ఉంది పురుషోత్తంపూర్.

ఎండాకాలం మొదలు. ఏటిలో నీళ్ళ కంటే ఇసుకే ఎక్కువ. ఊరికి దగ్గర్లోనే జౌగడ. అశోకుడి శాసనం చెక్కిన బండ అక్కడ ఉంది. కళింగ యుద్ధంలో జరిగిన మారణకాండను వర్ణించే శాసనాన్ని కళింగ ప్రజల కంట పడకుండా వదిలేసి, దాని బదులు రెండు ప్రత్యేక శాసనాలు ధౌలిలోనూ ఇక్కడా చెక్కించారు. జౌగడ శాసనాలు సమాపా అనే పట్టణంలోని మహామాత్రులకు పంపిన ఆజ్ఞలు. ప్రజలంతా నా బిడ్డలేనని చెప్పే రాజు, తన అధికారులను సరిగ్గా పనిచేయమని హెచ్చరించే రాజు. ఇప్పుడు ఆ బండకు పైకప్పు, చుట్టూ కంచె. నేను వెళ్ళేసరికి కాపలాదారు తప్ప ఇంకెవరూ లేరు. జనమంతా పక్కనున్న తారాతారిణి కొండ మీదే. చైత్ర మంగళవారాల జాతరకైతే పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించడానికి శ్రీకాకుళం వైపు నుంచి కూడా బండ్లు కట్టించుకుని వస్తారు. 999 మెట్లున్నాయి, రోప్‌వే కూడా ఉంది. నేను రోప్‌వే ఎక్కాను. పై నుంచి చూస్తే ఋషికుల్య మెలికలు తిరుగుతూ తూర్పుకు పోవడం కనిపిస్తుంది. అది పోయి కలిసేది గంజాం దగ్గర.

జిల్లాకు పేరిచ్చిన ఊరు ఇదేనంటే ఇప్పుడు నమ్మడం కష్టం. హైవే పక్కన నాలుగు దుకాణాలు, కొంచెం లోపలికి తుప్పల్లో కూలిన కోట గోడలు. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే కంపెనీ అధికారి ఇక్కడికి వచ్చి కాపురం పెట్టాడు. నదీముఖం, కోట, ఓడలు, కలెక్టరు కచేరీ, అన్నీ ఇక్కడే ఉండేవి. 1815లో విషజ్వరం పట్టుకుంది. జనం పిట్టల్లా రాలిపోయారు. మిగిలిన దొరలు ఊరు ఖాళీ చేశారు. దండు బరంపురంలో, కలెక్టరు ఛత్రపురంలో స్థిరపడ్డారు. రేవు పని దక్షిణంగా జరిగి, అప్పటిదాకా పల్లెకారుల ఇళ్ళు తప్ప మరేమీ లేని గోపాల్‌పూర్‌కు చేరింది. నది లేకపోయినా పరవాలేదు, జ్వరం లేకపోతే చాలు అనుకున్నారు కాబోలు.

నదీముఖం దగ్గర ఇప్పటి ప్రసిద్ధి తాబేళ్ళది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఫిబ్రవరి, మార్చి నెలల్లో లక్షల సంఖ్యలో వచ్చి పొదంపేట, గొఖరకుద, పురుణాబంధ ఇసుకలో గుడ్లు పెడతాయి. ఇక్కడ ఇంత పెద్ద ఎత్తున పెడుతున్నాయని శాస్త్రజ్ఞులకు తెలిసింది 1994లోనే. వాటి కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఏడు నెలలు! తాబేలును కాపాడొద్దని వల వేసేవాళ్ళెవరూ అనరు, ఆ ఏడు నెలలూ కుండ ఎలా పొంగాలన్నదే వాళ్ళ ప్రశ్న. పొదంపేట పరిస్థితి ఇంకా కష్టం. తెలుగు పల్లెకారుల ఊరది. సముద్రం ఇళ్ళను ఒక్కొక్క వరసా కోసుకుంటూ వస్తే ఊరే వెనక్కి లేచిపోయింది. పాత ఊళ్ళో మొండిగోడలు, కప్పులేని గదులు మిగిలాయి.

గోపాల్‌పూర్‌లోనూ మొదట కంటబడేవి కూలిన గోడలే. ఒకప్పటి గిడ్డంగులు, వర్తకుల బంగళాలు. ఉప్పుగాలికి సున్నం రాలి, ఇటుక బయటపడి, మధ్యలోంచి మర్రి మొలిచి ఉంటాయి. వాటిని ఆనుకుని కొత్త లాడ్జీలు, వేరుశనగకాయల బండ్లు, గవ్వల దండలమ్మే దుకాణాలు. పైన దీపస్తంభం. ఇంగ్లీషువాళ్ళు పటాల్లో ఈ ఊరిని గోపాల్‌పూర్ ఆన్ సీ అని రాసుకున్నారు, వాళ్ళ దేశంలో సౌత్ఎండ్ ఆన్ సీ, క్లాక్టన్ ఆన్ సీ ఉన్నట్టే. ఇంటికి దూరమైనవాళ్ళు ఇంటిని తలుచుకోవడమది.

వాళ్ళ ఇంటి దగ్గర అలాంటి ఊళ్ళు పుట్టిన తీరు వేరు. బ్రైటన్ 18వ శతాబ్దంలో చేపలు పట్టుకునే పేద ఊరు. డాక్టర్ రిచర్డ్ రస్సెల్ సముద్రపు నీళ్ళలో మునిగితే, ఆ నీళ్ళు తాగితే కూడా, గ్రంథులకొచ్చే జబ్బులు నయమవుతాయని పుస్తకం రాశాడు. రోగులు వచ్చారు. వాళ్ళ వెనక డబ్బున్నవాళ్ళు వచ్చారు. 1783లో యువరాజు వచ్చి, ఆ తర్వాత అక్కడే హిందూస్థానీ గుమ్మటాలతో ఒక విచిత్రమైన మహలు కట్టించుకున్నాడు. 1841లో లండన్ నుంచి రైలు పడింది. దాంతో గుమాస్తాలు, కూలీలు, పిల్లాజెల్లా అందరూ వచ్చారు. 1846లో రైలు పడిన బ్లాక్‌పూల్‌కు నూలుమిల్లులు మూసే సెలవు వారంలో ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చేవి. వైద్యుడు మొదలుపెట్టాడు, రాజు పేరు తెచ్చాడు, రైలు ఊరిని చేసింది.

గోపాల్‌పూర్‌కు వైద్యుడూ లేడు, రాజూ లేడు, రైలూ రాలేదు. ఇక్కడ ముందు రేవు, ఆ తర్వాతే విహారం. అది కూడా రేవు అనడానికి వీల్లేని రేవు. ఎదురుగా దీవి లేదు, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ లేదు, ఓడను దాచుకునే మలుపు లేదు. బంగాళాఖాతంలో ఎక్కడో పుట్టిన అల ఏ అడ్డూ లేకుండా వచ్చి ఇక్కడి ఇసుక మీద పగులుతుంది. ఓడ దూరంగా లోతునీళ్ళలో లంగరు వేసుకుని నిలబడాలి. దానికీ ఒడ్డుకీ మధ్య కెరటాల వరసలు. ఆ వరసలు దాటించేవాడి చేతిలోనే రేవంతా ఉంది. వాడు తెలుగువాడు.

ఒడియాలో నోళియా అనే ఈ పల్లెకారులు ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చినవాళ్ళు. వాడబలిజలు, జాలారులు. గంజాం తీరం పొడుగునా ఊళ్ళ పేర్లే సాక్ష్యం: ఆర్జిపల్లి, బక్సిపల్లి, గరంపేట, పొదంపేట. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. వాళ్ళ మసూలా పడవ మీద ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఊరి చరిత్ర మొత్తం దాని కుట్టులో ఉంది. ఆ పడవలో మేకు ఉండదు, లోపల పక్కటెముకల్లాంటి కర్రలుండవు. పలచటి పలకల అంచులకు వరసగా బెజ్జాలు పెట్టి, సందుల్లో ఎండుగడ్డో పీచో కూరి, కొబ్బరితాడుతో బిగించి కుడతారు. అల ఎత్తి ఇసుక మీద కొట్టినప్పుడు మేకులు దిగ్గొట్టిన పడవ పగిలిపోతుంది. కుట్టిన పడవ ఒళ్ళు వంచి, మళ్ళీ సర్దుకుంటుంది. నీళ్ళు ఊరుతాయి, తోడి పోసుకుంటారు. కవాతులు చేసే సామ్రాజ్యం తన ధాన్యాన్నీ నూనెగింజల్నీ తోళ్ళనూ దొరల్నీ దొరసానుల్నీ అలా పీచుతాడుకు అప్పజెప్పి ఊపిరి బిగపట్టుకుని కూర్చునేది. మద్రాసులోనూ చాలాకాలం అదే కథ.

వెళ్ళే ఓడల్లో మనుషులుండేవాళ్ళు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు ఈ తీరం వెంట ఆగుతూ రంగూన్ పోయేవి. గంజాం, శ్రీకాకుళం పల్లెల నుంచి వడ్లమిల్లుల్లో, రేవుల్లో పనికి వేలమంది వెళ్ళారు. బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలు అనేవాళ్ళు. 1930 మేలో రంగూన్ రేవులో పని దగ్గర మొదలైన గొడవల్లో వాళ్ళు ఎంతోమంది చచ్చిపోయారు. 1937లో బర్మా విడిపోయింది, 1942లో జపాన్ వచ్చింది. రంగూన్ దారి మూసుకుపోయింది. గోపాల్‌పూర్ రేవు ఊపిరి సగం అందులోనే ఉండేది.

మిగతా సగం రైలు తీసుకుపోయింది. 1893 నుంచి 1896 మధ్య బెజవాడ, కటకం నడుమ ఈస్ట్ కోస్ట్ రైల్వే వేసినప్పుడు పట్టాలు బరంపురం మీదుగా పోయాయి. ఒడ్డుకు రాలేదు. బస్తా నేరుగా వ్యాగన్ ఎక్కేటప్పుడు దానికి అలల మీద చక్కర్లెందుకు? ఇంగ్లండులో రైలు సముద్రపు ఊళ్ళను పెంచింది, ఇక్కడ అదే రైలు ఊరి నోటి కూడు లాక్కుంది. అయితే అదే బండి కలకత్తా నుంచి సెలవులు గడపడానికి వచ్చేవాళ్ళను బరంపురందాకా తెచ్చింది. 1914లో మాగ్లియోని అనే ఇటాలియన్ ఒడ్డున పామ్ బీచ్ హోటల్ పెట్టాడు. తర్వాత అది ఓబెరాయ్‌ల చేతికి వెళ్ళింది, ఇప్పుడు ఇంకో పేరుతో నడుస్తోంది. లోపలికి పోయి టీ తాగాను. టీ బాగుంది, బిల్లు అంతకంటే ఘనంగా ఉంది.

రేవు పోయాక పల్లెకారుడి చేతిపని కొత్త రూపం తొడిగింది. బ్రైటన్‌లో స్నానానికి వచ్చిన దొరసానుల్ని నీళ్ళలో ముంచి లేపడానికి బలమైన ఆడవాళ్ళుండేవాళ్ళు. వాళ్ళలో మార్తా గన్ అనే ఆవిడ యువరాజుకే ఇష్టురాలని ప్రతీతి. ఇక్కడా పూరీలోనూ ఆ పని నోళియాలకు దక్కింది. నెత్తిన శంకువులాంటి టోపీ పెట్టుకుని, దొరల చెయ్యి పట్టుకుని కెరటంలోకి తీసుకెళ్ళేవాళ్ళు. బ్రైటన్‌లో కాలికింద గులకరాళ్ళు, వణికించే చలి. ఇక్కడ వెచ్చని నీళ్ళు, మెత్తటి ఇసుక, కానీ ప్రాణాలు తీసే కెరటం. ఓడలను నిలవనీయని ఆ అలే జనాన్ని రప్పించింది.

ఇసుకను గుప్పిట పట్టి చూశాను. నలుపూ దానిమ్మగింజ ఎరుపూ చారలు చారలుగా ఉంటుంది. తూర్పు కనుమల ఖొండలైట్ రాయి అరిగి, ఏళ్ళు మోసుకొస్తే ఇలా తయారవుతుంది. ఎర్రనివి గార్నెట్లు, నల్లవి ఇల్మెనైట్. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ దీన్నే తవ్వి వేరు చేస్తుంది. ఈ తీరంలో ఇసుక మొత్తం మీద ఉత్తరానికే నడుస్తుంది. కాబట్టి ఋషికుల్య తెచ్చింది చిలికా వైపు పోతుంది. గోపాల్‌పూర్ ఒడ్డున నా కాలికింద ఉన్నది బాహుదా, వంశధారల వైపు నుంచి వచ్చిందై ఉండాలి. మనుషులు వచ్చిన దారే.

తెల్లారగట్ల పడవలు దిగే చోటుకి వెళ్ళాను. ఇప్పుడన్నీ ఫైబర్ పడవలే, వెనక మోటారు. కుట్టుపడవ ఒక్కటీ కనపడలేదు. ఒక పడవ కెరటాల అవతల ఆగి వేచి చూసింది. పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి పోయాక, చిన్నదాని వీపెక్కి దూసుకొచ్చి ఇసుకలో ముక్కు దించింది. వలలో కవళ్ళు, కొన్ని కానాగంతలు, రెండు చందువలు. ఆడవాళ్ళు గంపలు దించి పాట మొదలుపెట్టారు. అంకెలు ఒడియాలో, తిట్లు తెలుగులో.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని, “తాతా, కుట్టుపడవ నడిపేవా?” అని అడిగాను.

“మా అయ్య నడిపేడు బాబూ. నాను సిన్నోణ్ణి, నీళ్ళు తోడీవోణ్ణి. ఇప్పుడు కుట్టడం ఎవుడికీ రాదు,” అన్నాడు. పైలిన్ తుపాను ఊసెత్తితే చేతిలో పని ఆపలేదు. 2013 అక్టోబర్ 12 రాత్రి అది తీరం దాటింది ఇక్కడే. ముందే 10 లక్షల మందికి పైగా జనాన్ని తరలించడంతో ప్రాణనష్టం చాలా తగ్గింది. 1999 తుపానులో ఒడిశాలో ఇంచుమించు 10,000 మంది పోయారు. “మనుసుల్ని తీసికెల్లిపోనారు. పడవల్నెవుడు తీసికెల్తాడు?” అన్నాడాయన.

మనవలు ఏం చదివారని అడిగాను. బడిలో ఒడియా. ఒకడికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒడిశాలో కలిసినప్పటి నుంచీ ఉన్న సంగతే ఇది. ఇద్దరు మనవలూ ఇప్పుడు సూరత్‌లో మగ్గాల మీద ఉన్నారు. తాతలు తూర్పుకు ఓడెక్కారు, మనవలు పడమటికి రైలెక్కారు.

ఉత్తరాన ఆర్జిపల్లి దగ్గర రాతిగోడలు కట్టి, లోతు తవ్వి, ఏడాది పొడుగునా పనిచేసే రేవు చేశారు. రెండు శతాబ్దాల కిందట ఎవరి వల్లా కానిది ఇప్పుడు రాళ్ళూ యంత్రాలూ చేశాయి. అల లోపలికి రాదు, ఓడ గట్టుకే వచ్చి ఆనుకుంటుంది. అక్కడ మీవాళ్ళకు పని దొరికిందా అని అడిగాను.

“గేటుకాడ కాపలా దొరికింది మాకొకడికి. ఓడ ఒడ్డుకే వొచ్చీసినాక మాతో పనేటుంది?” అంటూ ఆయన లేచాడు. ఇంకో పడవ వస్తోంది. నలుగురు కుర్రాళ్ళు తాడందుకోడానికి మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. నేనింకా ఇసుకలోనే కూర్చుని ఉంటే ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు: “సూస్తూ కూకుంటారేటి బాబూ, వొచ్చి ఓ సెయ్యెయ్యండి!”